మా కొబ్బరి ఎండడానికి పక్కనున్న రొయ్యల చెరువే కారణమా? అర్జీ మీద సంతకానికి ముందు అడుగుతున్నా

రాజోలు దీవి · గురువారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు వైపు, సముద్రానికి దగ్గరి ఊరు. నాన్నకి ఎకరన్నర కొబ్బరి తోట ఉంది. తోటకి తూర్పున రెండేళ్ల కిందటి దాకా వరిచేలు ఉండేవి. వాటిని కౌలుకి తీసుకుని రొయ్యల చెరువులు తవ్వారు. పోయినేడాది నుంచి మా కాయ దింపు తగ్గుతూ వస్తోంది. ఈసారి సగం కాయ కూడా రాలేదు. మట్టలు పసుపెక్కి మాను మీదకి వాలిపోతున్నాయి. ఆరు చెట్లు చచ్చిపోయాయి. ఆ చెట్లు మా తాతయ్య పెట్టినవి.

సోమవారం ఊరంతా కలిసి కలెక్టరు గారికి అర్జీ ఇస్తున్నాం. రాసింది నేనే. అందులో అసలు వాక్యం ఇది: "చెరువులు తవ్వక ముందు తోటలు బాగున్నాయి, తవ్విన తరువాత ఎండిపోయాయి, కనుక చెరువులే కారణం." నాన్నకి చదివి వినిపిస్తే, "నిజమే కావచ్చు గానీ ఇలా రాస్తే నిలబడదురా. అవతలివాడు ఒక్క ప్రశ్న అడిగితే ఆగిపోతావు" అన్నారు. ఏ ప్రశ్న అంటే చెప్పకుండా వెళ్లి పడుకున్నారు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఆ ప్రశ్న ఏమై ఉంటుందండి?

తూర్పుగట్టు · గురువారం, రాత్రి 9:32

ప్రశ్నా లేదు గిశ్నా లేదు తమ్ముడూ, సంతకం పెట్టెయ్. మా ఊళ్లోనూ ఇదే కథ. చెరువులు వచ్చాక మంచినీళ్ల నుయ్యి ఉప్పుకషాయం అయింది. మా అమ్మ అరవై ఏళ్లు తాగిన నీళ్లు అవి. కళ్లెదుట జరిగిన దానికి ఋజువులేంటి?

వనామి సాగు · గురువారం, రాత్రి 10:05

నేను రొయ్యల రైతుని. ముందే చెప్పేస్తున్నాను, నా మాట ఆ లెక్కలోనే తీసుకోండి. మా చెరువుల గట్ల మీద కొబ్బరి ఉంది, కాయ బాగానే కాస్తోంది. చెరువు పక్కనుంటే చాలు చెట్టు చచ్చిపోతుందంటే మా గట్టు మీద చెట్లు ముందు చావాలి కదా. మీ దగ్గర మురుగు కాలువ ఎలా ఉందో చూశారా?

రాజోలు దీవి · గురువారం, రాత్రి 10:11

తోటకి దక్షిణాన డ్రైన్ ఉందండి. గుర్రపుడెక్క పట్టేసి ఉంటుంది. దాని సంగతి నేను ఆలోచించలేదు.

తర్కం మాస్టారు · శుక్రవారం, ఉదయం 6:20

నాయనా, మీ నాన్నగారు అడగకుండా వదిలేసిన ప్రశ్న ఇదే అయ్యుంటుంది: "చెరువులు తవ్వకపోయినా ఈ చెట్లు ఎండేవి కావని నీకెలా తెలుసు?"

కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో పండు రాలింది. కాకి వల్లే రాలిందనుకుంటాం. దానికే మనవాళ్లు కాకతాళీయం అని పేరు పెట్టారు. అర్జీలో నువ్వు రాసిన వాక్యానికి ప్రస్తుతానికి అంతకు మించిన బలం లేదు.

మన తర్కశాస్త్రంలో ఇంకో ఉదాహరణ ఉంది, అది నాకు చాలా ఇష్టం. కుండ తయారవ్వాలంటే ముందు మట్టి ఉండాలి, కుమ్మరి ఉండాలి, చక్రం తిప్పే కర్ర ఉండాలి. మట్టి మోసుకొచ్చిన గాడిద కూడా కుండకి ముందే ఉంది. మరి గాడిద కుండకి కారణమా? కాదు. అదే మట్టిని తట్టలో మోసుకొచ్చినా కుండ అవుతుంది. ఇలాంటి దాన్ని అన్యథాసిద్ధం అంటారు. ముందున్నదల్లా కారణం కాదు, అది లేకపోయినా పని జరిగిపోయేదేమో చూడమని దాని సారం. మీ చెరువు కుమ్మరి వైపు నిలబడుతుందో గాడిద వైపు నిలబడుతుందో తేల్చుకోవాలి.

అందుకు రెండు చూపులు కావాలి. చెరువున్న చోట తోట ఎండిందా అన్నది అన్వయం. చెరువు లేని చోట తోట బాగుందా అన్నది వ్యతిరేకం. నువ్వు మొదటిదే చూశావు. ఈరోజు చెరువుకి దూరంగా, డ్రైనుకి దగ్గరగా ఉన్న తోటొకటి చూసిరా. చెరువుకి దగ్గరగా, డ్రైనుకి దూరంగా ఉన్నది ఇంకొకటి చూడు.

తోటల ఆఫీసు రిటైర్డ్ · శుక్రవారం, ఉదయం 8:45

బాబూ, ఉద్యానశాఖలో ముప్పై ఏళ్లు కోనసీమ తోటలే తిరిగాను. మాస్టారు అడిగిన ప్రశ్నకి చెట్టు దగ్గర జవాబు ఎలా వెతకాలో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు.

"తోట ఎండింది" అనేది ఒక్క జబ్బు పేరు కాదు. నాలుగైదు కారణాలు దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. దగ్గరికి వెళ్తే దేని ఆనవాలు దానిదే. ముందు ఆకు అడుగున చూడు. తెల్లటి సుడులు సుడులుగా గుడ్లు, మైనంలాంటి పొడి, కింది మట్టల మీద నల్లటి మసి ఉంటే అది సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో 2016లో తమిళనాడు, కేరళ తోటల్లో బయటపడి, తరువాత మన జిల్లాలకి వచ్చింది. అరచేత్తో ఆకు తుడిస్తే నలుపు అంటుకుంటుంది. చెరువుకీ దీనికీ సంబంధం లేదు. తరువాత మాను మొదలు చూడు. నేలకి దగ్గర్లో ముదురు ఎరుపు, గోధుమ రంగు కలిసిన బంక కారుతుంటే గానోడెర్మా. అది నేలలో ఉండే శిలీంధ్రం, వేళ్ల మీదుగా పక్క చెట్టుకి పాకుతుంది. మొవ్వు పట్టుకుని లాగితే ఊడివచ్చి దుర్వాసన కొడితే మొవ్వు కుళ్లు. కాయ తొడిమ కింద నుంచి గోధుమ మచ్చలు, పగుళ్లు దిగుతుంటే నల్లి.

ఉప్పు దెబ్బ అయితే ముదురు మట్టల కొసలు ముందు మాడతాయి. కానీ జాగ్రత్త, పొటాష్ లోపం కూడా ముదురు మట్టల కొసల నుంచే మొదలవుతుంది. ఆకు ఒక్కటే చూసి ఉప్పు అని తీర్పు చెప్పకు, నీళ్లు కొలవాలి. ఇంకో మాట, కొబ్బరి వరి కంటే ఉప్పుని బాగా తట్టుకుంటుంది. వేళ్ల దగ్గర ఉప్పునీరు కదలకుండా నిలబడిపోతేనే దానికి ఊపిరాడదు.

నీ అర్జీలో నన్ను ఎక్కువ ఆపింది కాలం లెక్క. కొబ్బరిలో పూగుత్తి మొలక మొవ్వు లోపల పుట్టిన దగ్గర నుంచి కాయ ముదిరే దాకా సుమారు 44 నెలలు. అందులో గెల బయటికి విచ్చుకున్నాక గడిచేది 12 నెలలే. మిగతా రెండున్నరేళ్లకి పైగా ఆ గుత్తి మన కంటికి కనపడకుండా లోపలే ఉంటుంది. ఆ మధ్యలో ఎప్పుడు కరువు తగిలినా, ఉప్పు తగిలినా, లోపలే దెబ్బతింటుంది. లేత పిందెలు రాలడం తొందరగా కనిపిస్తుంది గానీ, గెలలే చిన్నవైపోవడం చాలా ఆలస్యంగా కనిపిస్తుంది. ఇప్పుడు నీకు తగ్గిన కాయలో కొంత భాగానికి బీజం చెరువులు తవ్వక ముందే పడి ఉండొచ్చు. మీ నాన్నగారు దింపు లెక్కలు రాసుకున్నారేమో అడుగు.

తూర్పుగట్టు · శుక్రవారం, మధ్యాహ్నం 1:15

పెద్దలు చెప్పింది కాదనను. కానీ నా భయం నాది. "ఇది కావచ్చు, అది కావచ్చు" అంటూ పోతే నష్టం చేసినవాడు హాయిగా తప్పించుకుంటాడు. సిగరెట్ల విషయంలో ఇదే కదా జరిగింది. "ఇంకా పరిశోధన కావాలి" అంటూ కంపెనీలు ఏళ్లకేళ్లు లాగాయి. ఈలోగా జనం పోయారు. మేం డబ్బున్న వాళ్లం కాదు. కారణం కచ్చితంగా తేలే దాకా ఆగితే మా తోటలు మిగలవు.

ఆసుపత్రి డ్యూటీ · శుక్రవారం, రాత్రి 8:40

నేను ప్రజారోగ్యం వైపు పనిచేస్తాను. తూర్పుగట్టు గారి భయం న్యాయమైనదే. అయితే సిగరెట్ కథ పూర్తిగా చెప్పుకుంటే అందులో మనకి పనికొచ్చేది ఒకటుంది.

1950లో డాల్, హిల్ అనే ఇద్దరు బ్రిటన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ పొగతాగడానికీ ఉన్న సంబంధం చూపించారు. ఫిషర్ అనే గొప్ప గణాంక శాస్త్రవేత్త ఒప్పుకోలేదు. ఏదో ఒక జన్యులక్షణం మనిషిని పొగ వైపూ లాగొచ్చు, అదే క్యాన్సర్‌నీ తేవొచ్చు అన్నాడు. ఇది కొట్టిపారేసే మాట కాదు, నిజంగా అలా జరిగే అవకాశం ఉంది. 1959లో కార్న్‌ఫీల్డ్, ఆయన తోటివాళ్లు దీనికి జవాబిచ్చారు. పొగతాగేవాళ్లలో ఆ క్యాన్సర్ తొమ్మిది రెట్లు ఎక్కువ అనుకుందాం. ఆ మొత్తాన్ని దాగున్న లక్షణం ఒక్కటే మోయాలంటే, పొగతాగేవాళ్లలో ఆ లక్షణం కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉండి తీరాలి. అలాంటి లక్షణాన్ని ఎవరూ చూపించలేకపోయారు. "ఇంకో కారణం ఉండొచ్చు" అన్నవాడి మీదా బరువు పెట్టాలని నేను దాన్నుంచి నేర్చుకున్నాను. ఆ ఇంకో కారణం ఏమిటో పేరు చెప్పాలి, జరిగిన నష్టమంతటినీ అది మోయగలదో లేదో చూపించాలి. ఊరికే అనుమానం విసిరి పోతే కుదరదు.

మాస్టారు చెప్పిన వ్యతిరేకానికి లండన్‌లో అద్భుతమైన ఉదాహరణ ఉంది. 1854 కలరాలో జాన్ స్నో అనే వైద్యుడు నీళ్లే కారణం అన్నాడు. అప్పటి పెద్దలు చెడుగాలి వల్ల అనేవాళ్లు. దక్షిణ లండన్‌లో రెండు కంపెనీలు ఒకే వీధుల్లో నీళ్లిచ్చేవి, పక్కపక్క ఇళ్లకే వేరు వేరు గొట్టాలు. ఒక కంపెనీ 1852లోనే థేమ్స్ నదిలో నీళ్లు తీసుకునే చోటుని మురుగు కలవని ఎగువకి మార్చుకుంది. రెండోది మురుగు కలిసిన చోటే ఉండిపోయింది. వీధి అదే, గాలి అదే, బీదా బిక్కీ గొప్పా అందరూ రెండు వైపులా ఉన్నారు. మొదటి ఏడు వారాల్లో ప్రతి పదివేల ఇళ్లకి మురుగు నీళ్ల కంపెనీలో 315 మంది చనిపోతే, ఎగువ నీళ్ల కంపెనీలో 37 మంది. చెడుగాలి వాదం అక్కడ నిలబడలేదు, ఎందుకంటే రెండిళ్లూ పీల్చింది ఒకటే గాలి.

అదే స్నో పేరు చెప్పి అందరూ లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో నీళ్ల పంపు పిడి పీకించి కలరా ఆపాడన్న కథ చెబుతారు. ఆ పిడి తీసేనాటికే అక్కడ చావులు బాగా తగ్గిపోయాయి. జనం భయపడి ఊరొదిలి వెళ్లిపోవడం కూడా ఒక కారణం కావొచ్చని స్నోనే రాశాడు. తన వాదానికి కలిసొచ్చే చోట కూడా ఇంకో కారణాన్ని దాచుకోలేదు. ఆ నిజాయితీ నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

మన దగ్గరిదే ఒకటి. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛ వచ్చి పడిపోయారు. మొదట అందరి వేలూ కుళాయి నీళ్ల వైపే వెళ్లింది. తీరా చూస్తే వేరే నీళ్లు తాగిన ఇళ్లలోనూ పడిపోయినవాళ్లున్నారు. కోవిడ్ పరీక్షలు నెగెటివ్ వచ్చాయి, ఒకరి నుంచి ఒకరికి అంటలేదు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాల మీదా అనుమానం నిలిచింది. ఒక్కో కారణం పక్కకి పోతున్నప్పుడు, "అదయితే ఫలానా ఇంట్లో కనిపించకూడదే" అన్న ప్రశ్నే పనిచేసింది.

లంక రైతు · శుక్రవారం, రాత్రి 9:25

2011 సార్వాలో (ఖరీఫ్) కోనసీమలో రైతులం నాట్లు మానేసి పంట విరామం పెట్టినప్పుడు కూడా ఇదే గొడవ. ఒకరు మద్దతు ధర అన్నారు, ఒకరు కూలీలు దొరకడం లేదన్నారు, ఒకరు డ్రైన్లు పూడిపోయి చేలు మునుగుతున్నాయన్నారు. ఎవరికి వారు తమదే కారణం అన్నారు. నా చేలో మూడూ ఉన్నాయి. ఒక్కటి తీసేసినా నేను ఆ ఏడు నాటేవాణ్ణి.

తర్కం మాస్టారు · శుక్రవారం, రాత్రి 9:50

లంక రైతు గారి చివరి వాక్యం బంగారం. కారణం ఒక్కటే ఉండాలన్న పట్టుదల కూడా తప్పుదారి పట్టిస్తుంది.

వనామి సాగు · శనివారం, ఉదయం 7:05

తమ్ముడూ రాజోలు దీవీ, నా రిఫ్రాక్టోమీటర్ తీసుకుని నేనే వస్తాను. ఉప్పు ఎన్ని పీపీటీ (వెయ్యి భాగాల నీళ్లలో ఎన్ని భాగాలు) ఉందో చుక్క నీళ్లతో చెప్పేస్తుంది. సముద్రం పోటు మీద ఒకసారి, పాటు మీద ఒకసారి కొలవాలి. ఎక్కడెక్కడ కొలవాలో నువ్వే నిర్ణయించు, నేను చెప్పను.

రాజోలు దీవి · ఆదివారం, మధ్యాహ్నం 3:30

అందరికీ దణ్ణాలండి. రెండు రోజులు తోటలోనే ఉన్నాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

చచ్చిన ఆరు చెట్లూ ఒక్క జబ్బుతో చావలేదు. తోట మధ్యలో ఉన్న రెండింటికి మాను మొదట్లో ఎర్రటి బంక ఎండి ఉంది. నేను రోజూ వాటి పక్కనుంచే నడిచాను, ఒక్కసారీ వంగి చూడలేదు. మిగతా నాలుగూ డ్రైన్ వైపు పల్లంలో ఉన్నాయి. అక్కడ పార దిగేస్తే నల్లటి నేల, వేళ్లు మెత్తగా కుళ్లిపోయి ఉన్నాయి. తెల్లదోమ తోటంతా ఉంది, చెరువుకి దగ్గరా దూరమా అని తేడా లేదు.

నీళ్ల లెక్క. పోటు మీద డ్రైన్లో 9 పీపీటీ, పాటు మీద 4. చెరువులో 11. చెరువు గట్టు పక్కన మా బోదెలో (చిన్న కాలువలో) 3. డ్రైనుకి అవతల, చెరువులే లేని తోటలో నూతి నీళ్లు కూడా 3. మా ఇంటి నుయ్యి మీటరు మీద గీత కదలలేదు. అవతలి తోట వాళ్లకీ డ్రైన్ వైపు వరసలే పోయాయి. వాళ్లకి చెరువు అర కిలోమీటరు దూరం. కాలువకి ఎగువన, చెరువుని ఆనుకుని, డ్రైనుకి దూరంగా ఉన్న మా పిన్నిగారి తోటలో చెరువు పక్క మొదటి వరసకి మాత్రం కొసలు మాడాయి, చెట్లు చావలేదు.

నాన్న దింపు పుస్తకం తీశారు. కాయ తగ్గడం మొదలైంది చెరువులు తవ్విన తరువాత కాదండి. తవ్విన ఏడాదికి ముందు ఏడాదే, డ్రైన్ వైపు వరసల్లో మొదలైంది. అప్పుడు కొంచెమే కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. నేను "తవ్వక ముందు తోటలు బాగున్నాయి" అని నమ్మకంగా రాశాను. అది నిజం కాదు.

సముద్రం వైపు డ్రైనుకి ఉన్న స్లూయిజ్ తలుపులు, పోటు నీటిని ఆపాల్సినవి, తుప్పు పట్టి మూసుకోవడం లేదట. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు నేరుగా డ్రైన్లోకి ఎక్కుతోంది. ఎప్పటి నుంచి అని అడిగితే ఊళ్లో తలా ఒకటి చెప్పారు. చెరువులు తవ్వక ముందు నుంచీ అన్నది మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

వనామి సాగు · ఆదివారం, సాయంత్రం 4:40

నేను ఇంకొకటి చెప్పాలి, ఇది మా వాళ్లకి నచ్చదు. తూర్పున ఉన్న ఆ చేలు చెరువులకి ఎందుకిచ్చారో కౌలు రైతుని అడిగాను. రెండు దాళ్వాలు (రబీ పంటలు) వరుసగా వరి చౌడెక్కి పోయిందట. అందుకే ఇచ్చేశారు. మేం చెరువుకి నేల వెతికేటప్పుడు చూసేది అదే, వరి పండనిదీ ఉప్పునీళ్లు దగ్గరున్నదీ. తమ్ముడు అనుకున్నది చెరువొచ్చి ఉప్పు తెచ్చిందని. అక్కడ ఉప్పొచ్చి చెరువుని తెచ్చింది.

అలాగని మేం చేతులు దులుపుకోవడానికి లేదు. ఆ చెరువుల వాళ్లు రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువు నీళ్లు అదే డ్రైన్లోకి వదులుతున్నారు. పిన్నిగారి తోట మొదటి వరస మాడింది చెరువు ఊట వల్లే. అక్కడ డ్రైన్ లేదు, ఇంకో కారణం నాకు కనపడలేదు.

తోటల ఆఫీసు రిటైర్డ్ · ఆదివారం, సాయంత్రం 5:30

చాలా సంతోషం బాబూ. ఒకే మూలం నుంచి రెండు కొమ్మలు చీలితే, ఒక కొమ్మ రెండో కొమ్మకి కారణంలా కనిపిస్తుంది. నా సర్వీసులో ఇలాంటి పొరపాటు నేనూ చేశాను. ఒక తోటలో ఎరువు మార్చాక కాయ తగ్గితే ఎరువుని తప్పుపట్టాను. రైతు ఎరువు మార్చిందే కాయ తగ్గడం మొదలైందని! బంక కారిన రెండు చెట్లనీ వేళ్లతో సహా తీసి కాల్చెయ్, చుట్టూ కందకం తవ్వు. అది అర్జీ కోసం ఆగే పని కాదు. మట్టి పరీక్షకి పంపడం కూడా మరిచిపోకు.

తూర్పుగట్టు · ఆదివారం, రాత్రి 7:15

నేను కూడా ఇవాళ మా ఊళ్లో నడిచి చూశానండి. మాది మీ కథ కాదు. మా చెరువులు తవ్వింది రెండు పంటలూ పండే మెరక చేలల్లో. డ్రైన్ మాకు దూరం, పోటు అంతవరకూ రాదు. వాళ్లు లోతు బోర్లు వేసి ఉప్పునీళ్లు తోడి చెరువులు నింపుతున్నారు. ఆ బోర్లకి దగ్గర నూతులు ముందు పాడయ్యాయి, దూరపువి తరువాత, ఊరి అవతలి చివరవి ఇంకా తియ్యగానే ఉన్నాయి. మా అమ్మ నుయ్యి మూడోది. వేరే కారణం ఉందేమోనని నిజంగానే వెతికాను, దొరకలేదు. ఇప్పుడు మా అర్జీలో నూతుల వరస, ఏది ఎప్పుడు పాడయిందో రాస్తాను. మొన్న రాసి ఉంటే తిట్లు తప్ప ఏమీ ఉండేవి కావు.

ఆసుపత్రి డ్యూటీ · ఆదివారం, రాత్రి 7:50

దగ్గరవి ముందు, దూరపువి తరువాత. మీ చేతిలో ఉన్నది చాలా బలమైన ఆధారం అండి. అమ్మగారికి వేరే నీళ్ల ఏర్పాటు మాత్రం ఇవాళే చేయండి. తాగే నీళ్ల విషయంలో కారణం పూర్తిగా తేలే దాకా ఆగక్కర్లేదు.

రాజోలు దీవి · ఆదివారం, రాత్రి 10:20

అర్జీ తిరగరాశాను. ముఖ్యమైన పేరా ఇది, తప్పులుంటే రాత్రికే చెప్పండి:

"మా తోటల్లో దిగుబడి తగ్గడం డ్రైన్ వైపు వరసల్లో, చెరువులు తవ్వక ముందే మొదలైంది. డ్రైనుకి అవతల చెరువులు లేని తోటల్లోనూ అదే నష్టం ఉంది. స్లూయిజ్ తలుపులు మూసుకోక పోటు నీరు డ్రైన్లోకి ఎక్కడమే ప్రధాన కారణమని మా కొలతల వల్ల అనుకుంటున్నాము. చెరువుల నుంచి వదులుతున్న నీరు, గట్ల ఊట ఆ నష్టాన్ని పెంచుతున్నాయి. తలుపులు బాగుచేయించి, డ్రైన్ పూడిక తీయించి, చెరువుల నీరు డ్రైన్లోకి వదలకుండా ఆపించవలసిందిగా కోరుతున్నాము. తెల్లదోమ, గానోడెర్మా వల్ల జరిగిన నష్టాన్ని ఇందులో కలపలేదు."

చివరి వాక్యం తీసేయమని ఊళ్లో ఇద్దరు పట్టుబట్టారు, నష్టం తక్కువ కనిపిస్తుందని. నాన్న ఉంచమన్నారు. చెరువుల కౌలుదారు కూడా చదివి, స్లూయిజ్ వరకు తానూ సంతకం పెడతానన్నాడు, నీళ్లు వదలడం గురించి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. రేపు పది గంటలకి పంచాయతీ దగ్గర కలుస్తున్నాం. నాన్న దింపు పుస్తకం సంచిలో పెట్టుకున్నారు.